ఫీజుకు అడ్డురాని దూరం పుస్తకానికి ఎందుకు?

దూరవిద్యలో చేర్చుకుని, పుస్తకం ఇంటికి ఇవ్వనంటున్న ప్రతి విశ్వవిద్యాలయమూ ఆ విద్యార్థికి అన్యాయం చేస్తోంది. ఈ మాట ఇంతకంటే మెత్తగా నేను చెప్పలేను. రేపల్లెలో ఎరువుల కొట్లో లెక్కలు రాసే కుర్రాడైనా, బాపట్లలో అంగన్‌వాడీ నడిపే ఇల్లాలైనా, తెనాలిలో పొద్దస్తమానం నిలబడి బట్టలమ్మే అమ్మాయైనా ఫీజు ముందే కట్టాలి. గడువు దాటితే ఆలస్య రుసుము కూడా కట్టాలి. చివరికి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం పేరు మీదే. గ్రంథాలయం గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లు పరాయివాళ్లయిపోతారు.

ఆ బట్టల షాపు అమ్మాయి దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. ఆమె మెటీరియల్ తిరగేశాను. ప్రతి పాఠం చివరా చదవాల్సిన పుస్తకాలంటూ నాలుగైదు పేర్లు: రామ్ శరణ్ శర్మ, రొమిల్లా థాపర్, బిపన్ చంద్ర. మొదటి రెండు పాఠాల్లో ఆ పేర్ల కింద పెన్సిల్‌తో గీతలు గీసుకుంది. మూడో పాఠం నుంచి గీతల్లేవు. ఏమ్మా అంటే, “ఎక్కడా దొరకలేదండీ, గైడు కొనుక్కున్నా” అంది. దొరకదని తెలిసీ ఆ జాబితా ఎందుకు అచ్చువేసినట్టు? పరీక్షల ముందు జిరాక్స్ షాపుల్లో నోట్సు కట్టలు అమ్ముడవుతుంటే, దూరవిద్య వాళ్లు చదవరని చప్పరించేసే పెద్దలు చాలామంది ఉన్నారు. అయ్యా, వాళ్ల చేతిలో ఒక్క మంచి పుస్తకం పెట్టి చూశారా ఎప్పుడైనా?

ఈ మూడు ఊళ్లకూ దగ్గరలో ఉన్నది నంబూరు పక్కన 1976లో వెలిసిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఉంది, 1985 నాటి ఇగ్నో ఢిల్లీలో. ఆ దగ్గరి నంబూరుకు పోవాలన్నా రేపల్లె మనిషికి తెనాలి దాకానే రైల్లో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, ఆపైన మరో ప్రయాణం. ఆ రోజు జీతం పోయినట్టే. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం కౌంటర్లో నేనే అడిగాను. “దూరవిద్య వాళ్లకు ఇంటికివ్వం, వచ్చి ఇక్కడే కూర్చుని చదువుకోమనండి” అన్నారు. వచ్చి కూర్చునే వీలుంటే వాళ్లు రెగ్యులర్ కాలేజీలోనే చేరేవాళ్లు కదా!

ఇదంతా ఏ నేల మీద జరుగుతోందో గుర్తు చేయాలి. అయ్యంకి వెంకటరమణయ్య 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ఉద్యమాన్ని ఒక సంఘంగా నిలబెట్టారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నాటిది. అన్నిటికంటే పెదపాలెం కథ నన్ను నిలవనీయదు. ఆ ఊళ్లో సేవాశ్రమం గ్రంథాలయం నడిపిన పాతూరి నాగభూషణం, 1935లో పుస్తకాలను పడవకెక్కించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంబడి పుస్తకాల పడవ నడిచింది. ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్ల దగ్గరికి పుస్తకమే వెళ్లింది. ఆ పల్లెజనం ఏ విశ్వవిద్యాలయానికీ ఫీజు కట్టినవాళ్లు కారు. కాలువ మీద పడవకు సాధ్యమైంది, రోడ్డు మీద ఆర్టీసీ కార్గో తిరుగుతున్న ఈ రోజుల్లో విశ్వవిద్యాలయాలకు సాధ్యం కాదా?

అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయిగా అంటారు. జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉచితం, ఇగ్నో పాఠాలున్న ఈ-జ్ఞానకోశ్ కూడా ఉచితమే. మంచి పనులే, కాదనను. కానీ విశ్వవిద్యాలయం చందా కట్టి తెప్పించే పత్రికలూ ఈ-పుస్తకాలూ క్యాంపస్ నెట్‌వర్క్ దాటకపోతే దూరవిద్య విద్యార్థికి ఒరిగేదేముంది? ఇంటి నుంచి చూసుకోవడానికి లాగిన్ ఇవ్వండి. తెలుగు మీడియం వాళ్లకు కావలసిన పుస్తకాలు, తెలుగు అకాడమీ పాత ముద్రణలతో సహా, చేతికే అందాలి. నాలుగు వందల పేజీల స్కాన్‌ను పగిలిన ఫోన్ తెరమీద రాత్రి పదింటికి చదవమనడం ఏం న్యాయం?

పుస్తకాలు పోతాయనేది మరో వాదన. డిపాజిట్ తీసుకోండి, పోతే అందులోంచి పట్టుకోండి. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే మొదటి సూత్రంగా రాశారు. మన గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులు దాన్ని పరీక్షలో రాసి పాసవుతున్నారు. పాసైనవాళ్లే కౌంటర్లో కూర్చుని దాన్ని మరిచిపోతే ఎవరికి చెప్పుకోవాలి?

కొత్త భవనాలు కట్టమని ఎవరూ అడగడం లేదు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయాలున్నాయి, డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లున్నాయి. ప్రతి కోర్సు జాబితాలోని పుస్తకాలు రెండేసి ప్రతులు అక్కడ పెట్టండి. లేనివాటిని వారానికోసారి కార్గోలో పంపండి. కాంటాక్ట్ క్లాసులు జరిగే ఆదివారాలు తలుపులు తీయండి. యూజీసీ దూరవిద్యకు అనుమతి ఇచ్చేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, విద్యార్థి చేతికి పుస్తకం ఎలా అందిస్తారన్నదే కావాలి.

వైస్ చాన్సలర్లకు నేరుగా చెబుతున్నాను. వచ్చే అడ్మిషన్ల ప్రకటనలో ఫీజుల పట్టిక పక్కనే, తెనాలిలో ఏ గ్రంథాలయంలో, బాపట్లలో ఎక్కడ, రేపల్లెలో ఎక్కడ, ఎన్ని పుస్తకాలు ఎన్ని రోజులకు ఇస్తారో అచ్చు వేయండి. వేయలేని కోర్సుకు ఫీజు తీసుకోకండి.