గోడమీది బొమ్మలో మన బిడ్డ ఏడీ?

1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్సు పెట్టినంక దేవుళ్ల పటాలు ఇంటింటికీ చేరినయ్. తర్వాత శివకాశి క్యాలెండర్లొచ్చినయ్. బొద్దుగా, నగలేసుకున్న బాలకృష్ణుడు. ఇంటిపట్టున ముద్దుచేసే యశోద. ఇదే బాల్యం, ఇదే కుటుంబమని బొమ్మ చెప్పింది. నల్లనయ్యకు సైతం నీలమే పూశారు!

నాటుకు పోయిన తల్లి ఏ పటంలో ఉంది? గట్టున చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డ ఏడీ? పటంలో పిల్లోడు వెన్న దొంగిలిస్తే లీల. మన పిల్లోడు దొర తోటలో మామిడికాయ తెంపితే దొంగ! ఈ బొమ్మల నడుమ పెరిగిన బిడ్డ, తల్లి చేతిమట్టిని చూసి సిగ్గుపడితే తప్పెవరిది?

అక్కలారా, అన్నలారా! 1848లో పూణేలో ఆడపిల్లలకు బడి తెరిచిన ఫూలే దంపతుల పటం గోడకెక్కించండి. పిల్లల చేతికి బలపమిచ్చి, పొలంలో ఉన్న అమ్మను గీయమనండి. ఆ బొమ్మ కూడా గోడకెక్కాలె.

జై భీమ్!