పెరటి చెట్టు చెప్పిన వార్త

ఢిల్లీలో వసంతం పార్లమెంటు బడ్జెట్ సమావేశాలతో పాటు వస్తుంది. అవి ముగియకముందే వెళ్ళిపోతుంది. జనవరి నెలాఖరున రాష్ట్రపతి ఉభయ సభలనుద్దేశించి ప్రసంగించేనాటికి కుండీలలో డేలియాలు మొగ్గ తొడుగుతూ ఉంటాయి. ఫిబ్రవరి మధ్యలో సభలు విరామం పుచ్చుకొనేసరికి పెటూనియాలు, ఫ్లాక్సులు, పాన్సీలు ఒక్కుమ్మడిగా విరగబూస్తాయి. మార్చి రెండవ వారంలో సభ్యులు నియోజకవర్గాల నుంచి తిరిగివచ్చేటప్పటికి వాటి రంగు వెలవెలబోవడం మొదలవుతుంది. గ్రాంట్ల డిమాండ్లపై చర్చ ముగిసేనాటికి, లేదా చర్చ లేకుండానే గిలటిన్ పడేనాటికి, తీగలు ఎండి విత్తనం రాలుస్తూ ఉంటాయి. పాతికేళ్ళుగా పత్రికా విలేఖరుల గ్యాలరీలో కూర్చుంటూ, తెల్లవారి కుండీలకు నీళ్ళు పోసుకుంటూ వస్తున్న నాకు ఈ రెండు పంచాంగాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడడం అలవాటయింది.

ఆంధ్రదేశపు పాఠకులకు ఇక్కడొక మాట విన్నవించాలి. మనకు వసంతమంటే వేపపూత, మామిడి పూత, కోకిల కూత. ఢిల్లీలో ఉగాదినాటికి వేపచెట్టు ఆకు రాల్చి బోసిగా నిలబడి ఉంటుంది, లేదా అప్పుడే లేత చిగురు వేస్తూ ఉంటుంది. పచ్చడిలోకి నాలుగు వేపపూలు దొరకక ఇక్కడి తెలుగు కుటుంబాలు కిందటి ఏటి ఎండుపూతతో సరిపెట్టుకోవలసి వస్తుంది. ఈ నగరంలో వసంతమని చెప్పుకొనే రంగులలో అధికభాగం శరదృతువులో నారు పోసి, చలిలో పెంచి, ఎండ ముదరకముందు కళ్ళారా చూసుకొని వదిలివేసే ఏకవార్షికాలది. వాటి సంప్రదాయం ఇంగ్లీషువారిది. ల్యుటెన్స్ రూపకల్పన చేసిన వైస్రాయి భవనపు తోటకు 1928-29లో మొక్కలు నాటించినవాడు విలియం మస్టో అనే ఇంగ్లీషు ఉద్యానవేత్త. మొగల్ గార్డెన్స్‌గా ప్రసిద్ధికెక్కిన ఆ తోటకు 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్ అని పేరు మార్చారు. పేరు మారినా డేలియాకు చలి కావాలి, పెటూనియాకు మెత్తని ఎండ కావాలి. ఆ విషయంలో పువ్వులు ఏ ప్రభుత్వపు మాటా వినవు.

నా తోట అంత గొప్పది కాదు. యమునకు తూర్పున ఒక మేడమీద ముప్ఫై కుండీలు. వాటిలో ఒకటి కరివేపాకు, రెండు గోంగూర. ఢిల్లీలో ఇరవైయేళ్ళు కాపురమున్న తెలుగువాడిని పరీక్షించాలంటే అతని కరివేపాకు మొక్కను చూడాలి. జనవరి చలికి ఆకంతా రాల్చి కట్టెపుల్లలా నిలుస్తుంది. బతుకుతుందో లేదో తెలియదు. ఫిబ్రవరి చివర ఒక ఎర్రని చిగురు కనిపించినప్పుడు కలిగే సంతోషం, మన ప్రాంతపు రైల్వే పథకానికి బడ్జెట్ పత్రాలలో పద్దు కనిపించినంత అరుదైనది.

మిగిలిన రోజులన్నీ ఆశాభంగాలూ, ఊరడింపులూ. ఎండ కాస్త తగిలేసరికి స్వీట్ పీ తీగల కొసలకు పేనుబంక పడుతుంది. వేపనూనెలో కుంకుడు రసం కలిపి చల్లితే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. పిగిలిపిట్టలు పూరేకులను కొరికిపోతాయి. కోతులు వచ్చిన రోజున కుండీల లెక్క చూసుకోవాలి. నీరు వచ్చేది ఉదయం గంటసేపు. చలికాలపు చివర యమునలో అమోనియా పెరిగి వజీరాబాద్, చంద్రావల్ శుద్ధి కేంద్రాలు ఉత్పత్తి తగ్గించినప్పుడు ఆ గంట కూడా అనుమానమే. ఇంట్లో బకెట్ల సంఖ్యనుబట్టి ముందు వంటింటికి, తరువాత స్నానాలకు, మిగిలితే పూలకు కేటాయింపులు జరుగుతాయి. ఆ కేటాయింపుల మీద మా ఇంట్లో జరిగినంత వివరమైన చర్చ పార్లమెంటులో చాలా మంత్రిత్వశాఖల గ్రాంట్లమీద జరగదు.

ఈ చిన్న లెక్కలు పెద్ద లెక్కను ముందుగా పట్టి యిచ్చిన సంవత్సరం 2022. ఆ ఏడు మార్చి మూడవ వారానికే పెటూనియాలు ఎండు కాగితాలయ్యాయి. నీరు రెండు పూటలా పోసినా నిలబడలేదు. మా వీధిలో పది ఇళ్ళ తోటపని చూసే మాలీ పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెకు చెందినవాడు. ఎండిన మొక్కలను పీకుతూ అతడన్నాడు: "పువ్వు తొందరపడుతున్నది బాబూజీ. మా ఊళ్ళో గోధుమ కూడా అలాగే తొందరపడుతున్నదని తమ్ముడు ఫోను చేశాడు. గింజ పాలు పోసుకొనకముందే కంకి పండిపోతున్నదట."

అతని మాటలో ఉన్నది అచ్చమైన వ్యవసాయశాస్త్రం. పువ్వుకైనా గోధుమకైనా ఆయుష్షు ముగింపుకొచ్చే దశలో హఠాత్తుగా వేడి తగిలితే మొక్క త్వరపడి విత్తనానికి దిగుతుంది. గింజ పాలుపోసుకొనే దినాలు తగ్గిపోతాయి; గింజ ముడుచుకుపోతుంది. ఆ మార్చి 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశానికంతకూ అత్యంత వేడిమి గల మార్చి అని, వర్షపాతం సాధారణంకన్న 71 శాతం తక్కువ అని వాతావరణశాఖ తరువాత ప్రకటించింది.

ఇక ఢిల్లీలో జరిగిన సంగతులను తేదీల వరుసలో చూడాలి. ఫిబ్రవరి 16న కేంద్ర వ్యవసాయశాఖ గోధుమ దిగుబడి 11 కోట్ల 13 లక్షల టన్నులని, అది రికార్డు అని అంచనా వేసింది. పార్లమెంటు ఏప్రిల్ 7న వాయిదా పడింది. అప్పటికి ఉక్రెయిన్ యుద్ధంవల్ల ప్రపంచమంతటా గోధుమకు కరవు వచ్చింది, ధర పెరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ అనుమతిస్తే ప్రపంచానికి ఆహారధాన్యం సరఫరా చేయడానికి భారతదేశం సిద్ధమని ప్రధాని ఏప్రిల్ 12న అన్నారు. గోధుమ ఎగుమతులను పెంచే అవకాశాలు వెదకడానికి తొమ్మిది దేశాలకు ప్రతినిధి వర్గాలను పంపుతామని మే 12న వాణిజ్యశాఖ తెలియజేసింది. మరుసటి రోజున, అంటే మే 13న, గోధుమ ఎగుమతులను నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది. మే 19న వ్యవసాయశాఖ అంచనా 10 కోట్ల 64 లక్షల టన్నులకు దిగింది. తుది లెక్కలో అది కొంత కోలుకొని 10 కోట్ల 77 లక్షల దగ్గర ఆగినా, ఫిబ్రవరి నాటి రికార్డు మాత్రం కాగితంమీదనే మిగిలింది. పంజాబు, హర్యానాలలో ముడుచుకుపోయిన, విరిగిన గింజను 6 శాతానికి బదులు 18 శాతం వరకు ధర తగ్గించకుండా కొనడానికి కేంద్రం అంగీకరించవలసి వచ్చింది. అంతకుముందు సంవత్సరం 433 లక్షల టన్నులున్న ప్రభుత్వ సేకరణ 188 లక్షల టన్నులకు పడిపోయింది. ఇందులో ప్రైవేటు వర్తకులు ఎక్కువ ధర పెట్టి కొన్నది కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి. రైతుకు ఆ ఒక్క ఏడాదైనా మంచి ధర వస్తున్న వేళ నిషేధం పడిందన్నదీ నిజమే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఎగతాళిగా అన్నారు. ఢిల్లీ పరిపాలనకు ఆ ఎగతాళి రాజనీతి సూత్రంగా మారినట్లున్నది. మాలీకి మార్చిలో తెలిసిన సంగతి మంత్రిత్వశాఖ అంచనాకు ఎక్కడానికి మే నెల మధ్య వరకు పట్టింది.

దీనికి ఒక సమాధానం చెప్పవచ్చును. ఒక విలేఖరి మేడమీద పూలు వాడితే దేశపు ఎగుమతి విధానం మార్చుకోవాలా? అంచనాలకు పంటకోత ప్రయోగాలున్నాయి, వాతావరణ కేంద్రాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి. నోటిమాటనుబట్టి నడిచే ప్రభుత్వం ఇంకా ప్రమాదకరం. ఈ వాదాన్ని నేను తోసిపుచ్చను. పువ్వు సాక్ష్యంతో తీర్పు చెప్పమని ఎవరూ అడగడం లేదు. సాక్ష్యం కనబడినప్పుడు ప్రశ్న అడగవలసిన స్థలం పార్లమెంటు. ఆ ప్రశ్న అడగవలసిన నెల మార్చి. అంచనా వేసే అధికారికి తొందర ఉండనక్కరలేదు. ఆ అంచనామీద ఆధారపడి ప్రపంచానికి మాట ఇచ్చేవారిని మాత్రం, పొలంలో గింజ ఎలా ఉన్నదని నిలవేసి అడిగేవారుండాలి.

2023లో ఏమి జరిగిందో చూస్తే ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. ఆ ఫిబ్రవరిలో కూడా పగటి ఉష్ణోగ్రతల సగటు 1901 నుంచి అప్పటివరకు వచ్చిన ఫిబ్రవరులన్నిటిలోకి ఎక్కువ. ఈసారి ప్రభుత్వం ముందే మేల్కొని గోధుమపై ఎండ ప్రభావాన్ని గమనించడానికి ఒక సంఘాన్ని వేసింది. అందుకు మెచ్చుకోవాలి. ఎండకు కాచుకొని కూర్చుంటే వాన వచ్చింది. మార్చి రెండవ పక్షంలో వడగండ్లతో కూడిన గాలివానలు పంజాబు, హర్యానా, మధ్యప్రదేశ్ పొలాలలో కోతకొచ్చిన పైరును నేలమట్టం చేశాయి. మా మేడమీద కూడా స్వీట్ పీ పందిరి ఒరిగిపోయింది. కుండీ పగిలితే ఇంకొకటి కొనుక్కోవచ్చు, ఒరిగిన కంకి మళ్ళీ లేవదు. సరిగ్గా ఆ రోజులలోనే, మార్చి 23న, లోక్‌సభ అధికార ప్రతిపక్షాల గందరగోళం నడుమ సుమారు 45 లక్షల కోట్ల రూపాయల గ్రాంట్లను చర్చ లేకుండా గిలటిన్ కింద ఆమోదించింది. వ్యవసాయశాఖ గ్రాంట్లు కూడా అందులోవే. గ్యాలరీలో కూర్చున్న మాకు వినపడినవి నినాదాలు. వడగండ్ల చప్పుడు సభ లోపలికి రాలేదు.

ఢిల్లీ తోటలు ఎల్లప్పుడూ ఇంత మూగవి కావు. 1948 నుంచి 1950 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్న రాజాజీ దేశంలో ధాన్యపు కొరతను దృష్టిలో ఉంచుకొని, ఆ మహాభవనపు ఆవరణలో కొంత భాగాన్ని ధాన్యపు సాగుకు కేటాయించి, స్వయంగా నాగలి పట్టారు. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి జనపథ్‌లోని తమ ఇంటి పచ్చికను దున్నించి పైరు వేయించారు; వారానికొక పూట భోజనం మానండని ప్రజలను కోరారు. ఆ కొద్దిపాటి గింజలతో దేశం ఆకలి తీరదని ఆ ఇద్దరికీ తెలుసు. ఏలేవారి పెరటికీ రైతు పొలానికీ ఒకటే రుతువు, ఒకటే వాన అని చెప్పడం వారి ఉద్దేశం.

ఇప్పుడు రాజధాని వీధులలో వసంతానికి గుర్తు ట్యులిప్ పువ్వు. 2017 తరువాత న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ హాలెండు నుంచి దుంపలు తెప్పించి శాంతిపథం వంటి చోట్ల నాటిస్తున్నది. అవి కళ్ళపండువుగా ఉంటాయి, సందేహం లేదు. సెలవునాడు కుటుంబాలు వెళ్ళి చూసివస్తాయి, నేనూ వెళ్ళాను. రెండు మూడు వారాలలో ఆ పువ్వు ఆయుష్షు తీరిపోతుంది. ఈ వేడి నేలలో దుంప మరుసటి ఏటికి నిలవడం కష్టం కాబట్టి మళ్ళీ విదేశం వైపు చూడవలసిందే. ఈ నేల ఎండకు ఏమవుతున్నదో చెప్పగల పువ్వు అది కాదు.

గోధుమ సంగతి మనకెందుకు, మనం అన్నం తినేవాళ్ళమని తెలుగు పాఠకులు అనుకోరాదు. గోధుమతో మొదలైన తొందర వరికి పాకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. మరునాడే అమెరికాలో మనవాళ్ళు సోనామసూరి సంచులకోసం దుకాణాల ముందు బారులు తీరారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28న గాని తొలగలేదు. ఈ పద్నాలుగు నెలలలో గోదావరి, కృష్ణా, తుంగభద్రల కింద వరి పండించే రైతుకు విదేశీ ధర అందలేదు. దేశీయ ధరలను అదుపులో ఉంచడం ప్రభుత్వ ధర్మమే కావచ్చును. అయితే ఆ ధర్మానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో సభలో లెక్క తేలలేదు.

అందువల్ల నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. బడ్జెట్ సమావేశాల విరామం ముగిసి సభలు తిరిగి కూడిన మొదటి వారంలో, నిలిచి ఉన్న రబీ పంట స్థితిపై వ్యవసాయమంత్రి ఉభయ సభలలో ఒక ప్రకటన చేయాలి. ఫిబ్రవరి అంచనా ఎంత, అటుతరువాత ఎండ ఎంత, వాన ఎంత, ఏ జిల్లాలలో గింజ ఎలా ఉన్నది, ఈ స్థితిలో ఎగుమతి వాగ్దానాలు చేయవచ్చునా అన్నవి అందులో ఉండాలి. లోక్‌సభ నియమావళిలో 193వ నియమం కింద స్వల్పవ్యవధి చర్చకు వీలున్నది. ఆ చర్చకు రెండు గంటలు చాలును. ఆ రెండు గంటలు 2022 మార్చిలో దొరికి ఉంటే, మే నెలలో ఒకరోజు ప్రతినిధి వర్గాల ప్రకటన, మరుసటి రోజు నిషేధపుటుత్తర్వు వెలువడే అవస్థ తప్పి ఉండేది. రైతు కూడా తన పంటను ఎప్పుడు, ఎవరికి అమ్మాలో తెలిసి అమ్ముకొనేవాడు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు 42 మంది సభ్యులున్నారు. వారిలో వ్యవసాయ కుటుంబాలనుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. ప్రభుత్వ పక్షమైనా, ప్రతిపక్షమైనా, ఆ నోటీసు ఇవ్వడానికి ఏ పార్టీ విప్పూ అడ్డు చెప్పనక్కరలేదు. పైగా వారిలో పలువురికి ఢిల్లీలో ప్రభుత్వం ఇచ్చిన బంగళాలు, వాటి ముందు తోటలు, వాటికి మాలీలు ఉన్నారు. నోటీసులో ఏమి రాయాలో తెలియకపోతే ఉదయం సభకు బయలుదేరేముందు ఆ మాలీని అడిగితే సరిపోతుంది.