చిన్న ల్యాప్‌టాప్: బరువు కంటె ఆయుష్షు ముఖ్యం

పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత నేటి చిన్న ల్యాప్‌టాప్‌లకు చక్కగా వర్తిస్తుంది. 1981లో వెలువడిన ఆస్‌బర్న్ 1 కంప్యూటరు చేత పట్టుకొని తీసుకుపోదగినదిగా పేరు పొందింది. కాని దాని బరువు సుమారు 11 కిలోలు, లోపల బ్యాటరీ కూడా లేదు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులో నుండి తీసి చూపిన మాక్‌బుక్ ఎయిర్ బరువు 1.36 కిలోలు. నేడు కిలో లోపు యంత్రాలు కూడా దొరుకుతున్నాయి. ఈ ప్రగతి మెచ్చుకోదగినదే. అయితే నిత్యవాడుకకు కొనే ల్యాప్‌టాప్‌ను తేలికదనం ఒక్కటే కొలబద్దగా ఎంచుకోవడం సరికాదు.

ఈ తేలికదనంలో రసాయనశాస్త్రం పాలు ఎక్కువ. 1991లో సోనీ సంస్థ విపణిలోకి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీ లేకపోతే ఇంత చిన్న యంత్రం గంటల తరబడి పనిచేయడం సాధ్యమయ్యేది కాదు. దానికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. పైతొడుగు సంగతీ అంతే. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, మెగ్నీషియం 1.74 గ్రాములే తూగుతుంది. అందుచేతనే అతి తేలిక యంత్రాలలో పలువురు తయారీదారులు మెగ్నీషియం మిశ్రలోహాలను వాడుతున్నారు.

కాని లోహపు తొడుగు వలె బ్యాటరీ చిరకాలం నిలిచేది కాదు. యంత్రం వాడకపోయినా దానిలోని రసాయన చర్యలు పూర్తిగా ఆగవు. గ్రాఫైట్ ఎలక్ట్రోడు మీద ఎలక్ట్రొలైట్ కొద్దికొద్దిగా విఘటన చెంది పొరగా పేరుకుంటుంది. ఆ పొరలో చిక్కిన లిథియం తిరిగి పనికి రాదు. వేడిమి పెరిగినా, బ్యాటరీని ఎల్లవేళలా నూరు శాతం నిండుగా ఉంచినా ఈ క్షీణత త్వరపడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క. ఒక్కొక్కసారి లోపల వాయువులు పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది. అటువంటి యంత్రాన్ని వెంటనే ఆపివేసి, చార్జరు తీసివేయాలి.

ప్రవాసాంధ్ర కుటుంబాలకు చిక్కు ఇక్కడే వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో, అమ్మానాన్నలకు మోయడం సులువని అతి పలుచని ల్యాప్‌టాప్ కొని విజయవాడకో రాజమహేంద్రవరానికో పంపిస్తారు. అక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. యంత్రం రోజంతా చార్జరుకు తగిలించే ఉంటుంది. కొన్నేళ్ళకు బ్యాటరీ చతికిలబడుతుంది. అది జిగురుతో అతికించినదైతే విప్పడానికి పెద్ద దుకాణాలే జంకుతాయి. అమెరికాలో కొన్న వస్తువు వారంటీ భారతదేశంలో చెల్లుతుందో లేదో కొనేనాడు చాలామంది అడగరు. తెర, ప్రాసెసరు చక్కగా ఉండగానే యంత్రం మూలపడుతుంది. మనుమల ముఖం చూసుకునే సాధనం పెద్దల చేజారుతుంది.

తేలికదనం కావాలంటే ఈ ఇబ్బంది తప్పదని కొందరు వాదిస్తారు. లెక్క ఆ వాదాన్ని బలపరచదు. 50 వాట్-అవర్ల బ్యాటరీ సుమారు పావు కిలో తూగుతుంది. దానిని సగానికి తగ్గిస్తే కలిసివచ్చేది 125 గ్రాములు. ఆపైన వెంట చార్జరు మోయవలసి వస్తుంది. తీగతో కలిపి దాని బరువు తరచు అంతకంటె ఎక్కువే. ఇక జిగురుకు బదులు మరలు వాడితే పెరిగే బరువు స్వల్పం. 2021లో వెలువడిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ ఇందుకు నిదర్శనం. 1.3 కిలోల ఆ యంత్రంలో బ్యాటరీని, మెమొరీని యజమానే స్వయంగా మార్చుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం కూడా, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుండి చిన్న పరికరాల బ్యాటరీలు వినియోగదారుడు మార్చుకోగలిగేలా ఉండాలని నిర్దేశించింది.

చిన్నదనానికీ ఒక హద్దు ఉన్నది. 2007లో వచ్చిన ఈ పీసీ కిలో లోపు బరువుతో, 7 అంగుళాల తెరతో ఎందరినో ఆకర్షించింది. కాని దాని ఇరుకు కీబోర్డు మీద దీర్ఘకాలం పనిచేయడం కష్టం. తెలుగు చదివేవారికి తెర మరీ ముఖ్యం. ఒత్తులు, గుణింతపు గుర్తులు ఒకదానిపై ఒకటి చేరే లిపి ఇరుకు తెర మీద కళ్ళను శ్రమపెడుతుంది.

కనుక నిత్యవాడుకకు 13 లేదా 14 అంగుళాల స్పష్టమైన తెర, 1.2 నుండి 1.4 కిలోల బరువు, 50 వాట్-అవర్లకు తగ్గని బ్యాటరీ, యూఎస్‌బీ-సీ చార్జింగు ఉన్న యంత్రం చాలామందికి సరిపోతుంది. మెమొరీని బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే తరువాత పెంచుకోవడం కుదరదు. మొదటే 16 గిగాబైట్లు తీసుకోవాలి. చార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే మొదటి రోజే అమర్చాలి. అన్నిటికంటె ముందు దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ బ్యాటరీని ఎవరు మారుస్తారు, ఎంతకు మారుస్తారు, ఇది వాడబోయే ఊళ్ళో దొరుకుతుందా? ఈ ప్రశ్నకు సరియైన జవాబు ఉన్న యంత్రం 100 గ్రాములు ఎక్కువ తూగినా సరే, దానినే కొనడం మంచిది.