గేర్‌బాక్సు దించక ముందే

పాత కారు ఉన్న ఇంట క్లచ్ ఖర్చు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఎక్కుడు వచ్చినప్పుడు ఇంజను అరుస్తుంది గాని బండి ముందుకు సాగదు, కాలిన వాసన కొడుతుంది. మెకానిక్కు చూసి, "ప్లేటు అయిపోయిందండీ, గేర్‌బాక్సు దించాలి" అంటాడు. మనం డబ్బు సంగతి అడుగుతాం, ఎన్నాళ్లకు ఇస్తావని అడుగుతాం. అడగవలసిన మూడో మాట ఒకటుంది.

మా చుట్టుపక్కల కారు కిరాయికి తిప్పుకొని బ్రతికే సోదరుడొకాయన ఉన్నాడు. పెండ్లిండ్ల రోజుల్లో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ మార్పించాడు. తెల్లవారితే పెండ్లివారిని ఎక్కించుకోవాలి. సాయంత్రం తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది గాని స్టార్టు కాలేదు. ఒకరు బ్యాటరీ అన్నారు, ఒకరు పెట్రోలు పంపు అన్నారు, చివరకు కంప్యూటరే పోయిందన్నారు. పెండ్లివారు వేరే బండి మాట్లాడుకున్నారు. మూడు రోజులకు గాని అసలు సంగతి బయటపడలేదు. గేర్‌బాక్సు దించేటప్పుడు వేలెడంత సెన్సారు ఒకటి విరిగింది. మెకానిక్కు పనిమంతుడే. దానిని ముందుగా తీసి పక్కన పెట్టాలని ఎవరికీ తోచలేదు.

కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు ఉన్న పాతకాలపు అంబాసిడరుకు ఈ బెడద లేదు. పెట్రోలును కంప్యూటరు కొలిచి పంపే బండ్లలో, ఇంజను ఇరుసు ఏ క్షణాన ఎక్కడ ఉన్నదో దానికి తెలియాలి. తెలిపేది క్రాంక్ సెన్సారు. చాలా బండ్లలో దీని లోపల ఉండేది ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, అంతే. ఎదురుగా పళ్ల చక్రం తిరుగుతుంటే ఒక్కొక్క పన్ను దాటినప్పుడల్లా చిన్న విద్యుత్తు పుడుతుంది. కంప్యూటరు దానిని లెక్కపెట్టుకొని నిప్పురవ్వ ఎప్పుడివ్వాలో, పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో నిర్ణయిస్తుంది. ఆ కబురు అందకపోతే రెండూ ఆగిపోతాయి.

కొన్ని బండ్లలో ఈ సెన్సారు ఇంజను ముందువైపు పుల్లీ దగ్గర ఉంటుంది. అలాగైతే క్లచ్ పనికి దాని జోలికి పోనక్కరలేదు. చిక్కంతా బెల్ హౌసింగుకు బిగించిన రకంతోనే. దాని కొన లోపలికి చొచ్చి ఫ్లైవీలుకు అతి దగ్గరగా ఉంటుంది. గేర్‌బాక్సు కొంచెం వాలిందా, కొన తగిలి విరుగుతుంది, లేదా తీగ తెగుతుంది. అమెరికాలో 1990లలో తిరిగిన జీప్ చెరోకీ పెద్ద ఇంజనుకు సెన్సారు ఇక్కడే ఉండేది. 1980లలో తయారైన జర్మనీ కారు పోర్షె 944కైతే ఇలాంటివి రెండు. ఫ్లైవీలుకు వాటికి మధ్య సందు 0.8 మిల్లీమీటర్లు మాత్రమే! రెండింటి ప్లగ్గులూ ఒకేలా ఉంటాయి గనుక తారుమారు చేసి పెడితే బండి స్టార్టు కాదు. ప్లగ్గు తీసే ముందు రంగు చుక్క పెట్టుకోవడం ఎంత అవసరమో చూడండి.

పని మొదలుపెట్టగానే బ్యాటరీ నెగటివు తీగ విప్పించండి. తరువాత సెన్సారు బోల్టు. ఏళ్ల తరబడి మట్టి, తుప్పు పట్టి ఉంటుంది గనుక తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగాలి. ప్లాస్టిక్కు ఒంటిని పట్టకారుతో మెలిపెట్టకూడదు, అది పుటుక్కుమంటుంది. మెల్లగా అటూ ఇటూ కదిలిస్తే వస్తుంది. కింద పలుచని బిళ్ల ఏదైనా ఉంటే పారేయవద్దు, సందు సరిచేయడానికి పెట్టినది కావచ్చు. కొనకు అంటిన ఇనుప రజను తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టాలి. రివర్సు లైటు స్విచ్చి తీగ, స్పీడు సెన్సారు తీగ గేర్‌బాక్సు మీదనే ఉంటే వాటినీ విడదీయాలి. సైలెన్సరు గొట్టం కూడా దించవలసివస్తే ఆక్సిజను సెన్సారు ప్లగ్గు ముందుగా ఊడదీయాలి. గొట్టం బరువు ఆ సన్నని తీగ మీద వ్రేలాడకూడదు.

ఇంకొక మాట. లోపలి నల్లని దుమ్మును నోటితో గాని గాలిగొట్టంతో గాని ఊదనివ్వకండి. పాతకాలపు క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాసు ఉండేది, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిస్తే చాలు. షెడ్డులో పనిచేసే చిన్నపిల్లవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

అన్నీ బిగించాక ఇంజను తిరిగి స్టార్టు కాకపోతే, కొత్త పంపు కొనే ముందు ఆ సెన్సారు ప్లగ్గు చూడమనండి.

ఆ సోదరుడు విరిగిన ముక్కను కారులోనే దాచుకున్నాడు. ఏ షెడ్డుకు వెళ్లినా బేరం కంటే ముందు దానిని తీసి, "ఇది మా బండికి ఎక్కడుందో చూపించు నాయనా" అంటాడు.