ప్రతి తూటాకూ లెక్కే: మరచిన ఒక్కటి ఇంటిల్లిపాదికీ చిక్కు

కొత్వాల్‌గూడ: వేలెడు పొడవైనా లేని తూటా ఒక్కటి చాలు, దుబాయికి బయలుదేరిన మనిషి విమానం ఎక్కకుండా పోలీసు ఠాణా మెట్లు ఎక్కడానికి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుల సంచుల్లో తూటాలు దొరికిన వార్తలు పలుమార్లు పత్రికలకెక్కాయి. తుపాకి లేదు, దురుద్దేశం లేదు. ఇంట్లో ఎవరిదో పాత సంచి, అడుగున ఎప్పటిదో తూటా. ఎక్స్‌రే తెర మీద మాత్రం అది స్పష్టంగా కనపడుతుంది.

కొత్వాల్‌గూడ వంటి గ్రామాలవారికి ఇది దూరపు సంగతి కాదు. ఒక వంక హిమాయత్‌సాగర్, మరో వంక ఔటర్ రింగు రోడ్డు, చెవులు హోరెత్తించే విమానాల రాకపోకలు. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ చుట్టుపక్కల తోట బంగళాలు పెరిగాయి. లైసెన్సు తుపాకులున్న సంపన్నులూ వచ్చారు, సరదాగా గురి నేర్చుకోవాలనే యువకులూ తయారయ్యారు. ఈ రెంటి నడుమ తూటా ఎక్కడ కొనాలి, ఎలా దాచాలి, వాడినదాన్ని మళ్లీ నింపుకోవచ్చునా అనే విషయాలపై అపోహలే ఎక్కువగా వున్నాయి.

కొనుగోలు ఎలా?

మన దేశంలో తుపాకికి ఎంత లెక్కో తూటాకూ అంతే లెక్క. 1959 నాటి ఆయుధాల చట్టం మూడవ సెక్షన్ ప్రకారం తుపాకితోపాటు తూటా దగ్గర వుంచుకోవడానికి కూడా లైసెన్సు కావాలి. లైసెన్సు పుస్తకంలో రెండు అంకెలు వుంటాయి. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర వుంచుకోవచ్చునన్నది ఒకటి, ఏడాదిలో మొత్తం ఎన్ని కొనవచ్చునన్నది రెండవది. దుకాణదారునికీ లైసెన్సు వుండాలి. అమ్మిన ప్రతి తూటాను అతడు తన రిజిస్టరులో రాయాలి, కొన్నవారి లైసెన్సులోనూ ఎక్కించాలి. లైసెన్సులో ఏ బోరు రాసి వుంటే ఆ బోరు తూటాయే ఇస్తారు. పన్నెండు బోరు తుపాకి వున్నవాడు రైఫిల్ తూటా అడిగితే దొరకదు.

ఇరుగు పొరుగున ఉప్పూ పప్పూ బదులిచ్చినట్లు తూటాలు బదులివ్వడం కుదరదు. లైసెన్సు లేనివాడికి తెలిసి ఇచ్చినా, లైసెన్సు లేనివాడి దగ్గర తెలిసి కొన్నా నేరమే. అడవి పందులు చేను తొక్కుతున్నాయని పక్క రైతు వచ్చి రెండు తూటాలు అడిగితే, జాలిపడి ఇచ్చినవాడు కూడా కేసులో ఇరుక్కుంటాడు.

2019లో చట్టాన్ని సవరించిన తరువాత శిక్షలు పెరిగాయి. లైసెన్సు లేకుండా తుపాకి గాని, తూటా గాని వుంచుకుంటే అంతకు ముందు కనీస శిక్ష ఏడాది వుండేది, ఇప్పుడు రెండేళ్లు. గరిష్ఠంగా అయిదేళ్లు, జరిమానా అదనం. అదే సవరణతో ఒకరి దగ్గర వుండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. తోట బంగళాల్లో పెళ్లిళ్లు, పుట్టినరోజులు జరుపుకునేవారు గమనించవలసిన సంగతి మరొకటి వుంది. సంబరాలలో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే విధంగా తుపాకి పేలిస్తే రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. లైసెన్సు వున్నదన్న సాకు ఇక్కడ పనికిరాదు.

ఇంట్లో నింపుకోవచ్చునా?

తూటాలో వుండేవి నాలుగు భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న క్యాపు, లోపల మందు, మూతి వద్ద సీసపు గుండు. పేలిన తరువాత గొట్టం మిగులుతుంది. అమెరికాలో గురి సరదా వున్నవారు ఈ గొట్టాలను ఏరి, కొత్త క్యాపు, మందు, గుండు పెట్టి మళ్లీ నింపుకుంటారు. సొంత వాడకానికైతే అక్కడి కేంద్ర చట్టం ప్రత్యేక లైసెన్సు అడగదు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో కొందరు సెలవులకు వచ్చినప్పుడు ఈ ముచ్చట చెబితే, ఇక్కడి యువకులకు అది ఖర్చు తగ్గించే ఉపాయంగా తోచడం సహజమే.

కాని ఇక్కడి చట్టం వేరు. తూటా అంటే నిండు తూటా ఒక్కటే కాదు. దాని విడి భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు సైతం తూటా నిర్వచనం కిందికే వస్తాయి. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడాన్ని అయిదవ సెక్షన్ నిషేధిస్తున్నది. ఈ నేరానికి 2019కి ముందు మూడు నుంచి ఏడేళ్ల శిక్ష వుండేది. ఇప్పుడు ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు వున్నది. ఇంటి వెనుక గదిలో పది గొట్టాలు నింపినవాడిపై ఈ సెక్షన్ కింద కేసు పెట్టే వీలున్నది. పది తూటాల ఖర్చు మిగిల్చుకోబోయి పదేళ్లు పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

చట్టం మాట అటుంచినా ఇందులో ప్రాణాపాయం వున్నది. మందు ఎక్కువైతే తుపాకి గది చిట్లి కాల్చేవాడి ముఖానికే తగులుతుంది. మందు తక్కువైతే గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించక మరొకటి పేలిస్తే గొట్టమే పగులుతుంది. నాటు తుపాకి పేలి వేళ్లు, కళ్లు పోగొట్టుకున్న కథలు పల్లెలకు కొత్త కాదు.

అసలు విశేషమేమిటంటే, గురి క్రీడలో ఎక్కువగా వాడే పాయింట్ 22 తూటా మళ్లీ నింపడానికి పనికివచ్చేది కాదు. పెద్ద తూటాలలో నిప్పు పుట్టించే క్యాపు అడుగు మధ్యలో విడిగా వుంటుంది, దాన్ని తీసి కొత్తది పెట్టవచ్చు. పాయింట్ 22లో ఆ పదార్థం గొట్టం అంచు లోపలే వుంటుంది. తుపాకి సుత్తి ఆ అంచును నొక్కగానే పని ముగుస్తుంది. మిగిలేది పారేయవలసిన ఇత్తడి మాత్రమే.

దాచడంలో జాగ్రత్త

లైసెన్సు వున్నవారు కూడా దాచే విషయంలో అశ్రద్ధ చేయడం కద్దు. బీరువాలో బట్టల నడుమ, అటక మీద, కారు అరలో తూటాలు వదిలేస్తుంటారు. తూటాకు తేమ, వేడి రెండూ శత్రువులే. చెమ్మ తగిలితే సమయానికి పేలదు, లేదా మీట నొక్కిన కొన్ని క్షణాలకు పేలుతుంది. ఈ రెండవది మరీ ప్రమాదకరం. పేలలేదని తుపాకి తిప్పి చూసుకునేలోపు పేలుతుంది. అందుకే గురి మైదానాలలో తూటా పేలకపోతే తుపాకి మూతి లక్ష్యం వైపే వుంచి కాసేపు ఆగమని మొట్టమొదటే నేర్పుతారు.

తుపాకిని ఖాళీ చేసి ఒక చోట, తూటాలను మరో చోట, రెండింటికీ వేర్వేరు తాళాలు వేసి వుంచడం మేలు. కొన్నప్పటి పెట్టెలోనే వుంచితే ఏ బోరువి, ఎన్నాళ్లవి అన్నది తెలుస్తుంది. కొన్నవెన్ని, పేల్చినవెన్ని, మిగిలినవెన్ని అన్నది పాల లెక్క రాసుకున్నట్లు ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. లెక్కలో ఒక్కటి తగ్గినా వెతకాలి. పోయినట్లు తేలితే వెంటనే ఠాణాలో తెలియజేయాలి. పోయిన తూటా కంటే చెప్పని తూటా ఎక్కువ చిక్కు తెస్తుంది.

లైసెన్సుదారు కాలం చేస్తే

గ్రామాలలో తరచు ఎదురయ్యే సమస్య ఇది. ఇంటి పెద్దకు తుపాకి వుంటుంది. ఆయన కాలం చేసిన తరువాత కొడుకులు తుపాకి సంగతి చూసుకుంటారు గాని, ట్రంకు పెట్టెలో మూలన వున్న నాలుగు తూటాలను మరుస్తారు. లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. ఆయనతోనే ఆ హక్కు ముగుస్తుంది. చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం, వుంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని, తూటాలను జాప్యం లేకుండా సమీప పోలీసు ఠాణాలో గాని, లైసెన్సున్న దుకాణదారు వద్ద గాని జమ చేసి రసీదు తీసుకోవాలి. లైసెన్సు గడువు తీరినా, రద్దయినా ఇదే పద్ధతి. వారసులలో ఎవరికైనా తుపాకి కావాలంటే తన పేర లైసెన్సు తెచ్చుకుని విడిపించుకోవచ్చు. భయపడి చెరువులో పారవేయడం, పొలంలో పాతిపెట్టడం పరిష్కారాలు కావు. రేపు పశువులు కాసే పిల్లవాడికి దొరికితే ఆ పాపం ఎవరిది?

విమానాశ్రయంలో చిక్కు

మరచిన తూటాలే ఒక్కోసారి ప్రయాణపు సంచిలో బయటపడుతున్నవి. అమెరికాలో గురి మైదానానికి తీసుకువెళ్లిన సంచితోనే ఇంటికి వచ్చేవారూ, అన్న సంచి తీసుకుని గల్ఫుకు బయలుదేరే తమ్ముళ్లూ ఇందులో చిక్కుకోగలరు. తనిఖీలో తూటా కనపడగానే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వారు ప్రయాణికుణ్ణి స్థానిక పోలీసులకు అప్పగిస్తారు.

ఇక్కడ న్యాయస్థానాలు తేల్చిన ఒక సూత్రం వున్నది. తన దగ్గర ఆ వస్తువు వున్నదన్న ఎరుక నిందితుడికి వుంటేనే అది చట్టం దృష్టిలో స్వాధీనం అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. 1994లో సంజయ్ దత్ కేసులోనూ ఇదే మాట ఖాయం చేసింది. ఈ సూత్రంతోనే, తెలియక సంచిలో వుండిపోయిన ఒంటరి తూటా కేసులను ఢిల్లీ హైకోర్టు పలుమార్లు కొట్టివేసింది. అయితే ఆ తీర్పు చేతికి వచ్చే సరికి టికెట్టు పోతుంది, వీసా గడువు పోతుంది, అప్పు చేసి ఏజెంటుకు కట్టిన సొమ్ము పోతుంది. తెలియదన్న మాట రుజువు కావడానికి వకీలు ఖర్చు వేరే.

లైసెన్సు వుండి తూటాలు తీసుకువెళ్లవలసినవారికి దారి వున్నది. చేతిసంచిలో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టరాదు. విమాన సంస్థకు ముందే తెలియజేసి, అనుమతి పొంది, లైసెన్సు చూపి, గట్టి పెట్టెలో సర్ది లగేజీలో వేయాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక ప్రయాణికుడు సొంత వాడకానికి తీసుకువెళ్లదగినది పెట్టెతో కలిపి అయిదు కిలోలకు మించరాదు. తక్కినవారు చేయవలసింది ఒక్కటే. ఎరువు తెచ్చిన సంచి అయినా, సొంత సంచి అయినా ప్రయాణానికి ముందు రోజు బోర్లించి, దులిపి, ప్రతి అరా తడిమి చూసుకోవాలి.

క్రీడకు దారి ఏది?

ఇన్ని కట్టుబాట్లు వున్నా ఈ క్రీడ మనవారికి అందనిదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందు లేదు, ఇత్తడి గొట్టం లేదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండు వెళుతుంది. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ల శక్తి దాటని గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. గురి నేర్వదలచిన గ్రామీణ బాలబాలికలకు సరైన మొదటి మెట్టు ఇదే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది. ఆ నాలుగింటిలో రెండు గాలి పిస్తోలుతో వచ్చినవే.

రెండవ మెట్టు పాయింట్ 22. కేంద్ర ప్రభుత్వ గుర్తింపున్న రైఫిల్ క్లబ్బు సభ్యులు గురి సాధనకు వాడే పాయింట్ 22 రైఫిల్ విషయంలో తుపాకుల సంఖ్యపై పరిమితి నుంచి చట్టమే మినహాయింపు ఇచ్చింది. కనుక చాటుమాటు దారులు వెతకడం కంటే క్లబ్బులో చేరడమే దగ్గరి దారి. ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి రేంజి కొత్వాల్‌గూడకు దూరం కాదు.

ఖర్చు మాత్రం నిజమైన అడ్డంకి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి యువకుడు. ఆ పోటీ అర్హత విభాగంలోనే లెక్కకు వచ్చే గుళ్లు 60. సాధనలో ఎన్ని అరవైలు కాల్చి వుండాలో ఊహించుకోవచ్చు. హైదరాబాద్‌కే చెందిన కైనన్ చెనాయ్ ఆసియా క్రీడలలో జట్టు స్వర్ణం గెలిచిన ట్రాప్ పోటీలో అర్హతకు 125 మట్టి పళ్లాలను కొట్టాలి. ఒక్కో పళ్లానికి రెండు తూటాల వరకు కాల్చవచ్చు. రైతు కుటుంబం భరించగల లెక్క కాదిది. ఇంట్లో దొంగచాటుగా నింపుకోవాలనే ఆశ పుట్టేది ఇక్కడే.

ఆ ఆశను పోలీసు కేసులతో మాత్రమే అణచజాలరు. జిల్లా కేంద్రాలలో రేంజీలు ఏర్పరచి, తూటాలు రేంజిలోనే ఇచ్చి, అక్కడే పేల్పించి, ఖాళీ గొట్టాలు అక్కడే లెక్క తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, తూటా ఇల్లు చేరే అవసరమూ తప్పుతుంది. అలాగే మరణించిన లైసెన్సుదారుల ఇళ్లలో మిగిలిన తూటాలను భయం లేకుండా అప్పగించడానికి ఠాణాల వారీగా ఒక వారం కేటాయించి, ఊరూరా దండోరా వేయిస్తే చాలా ట్రంకు పెట్టెలు శుభ్రపడతాయి. పోలీసు, క్రీడా శాఖలవారు ఈ రెండు విషయాలపై దృష్టి సారించవలసి వున్నది. ఈలోగా తాతల కాలపు తుపాకి వున్న ప్రతి ఇల్లూ అటక మీది పెట్టె ఒకసారి దించి చూసుకోవడం మంచిది.