టికెట్ ధర కాదు.. మధ్యలో మజిలీ చూడండి

చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు. వీసా చేతికొచ్చింది. మళ్లీ వెళ్లి 108 పూర్తిచేసి మొక్కు తీర్చుకున్నారు. ఆ తర్వాత మొయినాబాద్ హాస్టల్ గదుల్లో, చేవెళ్ల ఇళ్లల్లో, సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: 'అన్నా, ఏ ఫ్లైట్ బుక్ చెయ్యాలె?'

జవాబులు అరడజను వస్తాయి. ఒకరు దుబాయ్ మీదుగా పొమ్మంటారు. ఇంకొకరు దోహా మంచిదంటారు. మూడో ఆయన 'ఏదైతేంది, తక్కువ రేటున్నది తీసుకో' అని తేల్చేస్తాడు. నాన్నకూ ఆ మాటే నచ్చుతుంది. ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్న ఇంట్లో, రెండు గుంటలు అమ్మి ఫీజు కట్టిన ఇంట్లో పది వేలు తగ్గినా పెద్ద సంగతే. కాదనలేం. కానీ ఈ టికెట్ విషయంలో చూడాల్సిన మొదటి లెక్క ధర కాదు. ప్రయాణం మధ్యలో ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత ఎవరిది? ముందు దానికి జవాబు తెలుసుకోండి.

ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్లలో తెలుగువాళ్ల వాటా పెద్దదే. అయినా శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగా వెళ్లే విమానం లేదు. అందరూ ఎక్కడో ఒకచోట దిగి మారాల్సిందే. మన కష్టాలన్నీ ఆ మారే చోటే మొదలవుతాయి.

నేరుగా ఎందుకు లేదు?

ఒకప్పుడు ఉండేది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్-షికాగో నాన్‌స్టాప్ సర్వీసు మొదలుపెట్టింది. 238 సీట్ల బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం, వారానికి ఒకసారి. దూరం 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. తర్వాత అది ఆగిపోయింది.

అంత దూరం ఆగకుండా ఎగరడం ఖరీదైన పని. విమానం బయల్దేరేటప్పుడే మొత్తం ఇంధనం మోయాలి. ఆ ఇంధనం బరువును మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. పైలట్లు, సిబ్బంది వంతులవారీగా విశ్రాంతి తీసుకోవాలి కాబట్టి ఎక్కువ మంది కావాలి. ఇంత ఖర్చు రాబట్టాలంటే ముందు వరసల్లో బిజినెస్ క్లాస్ సీట్లు నిండాలి. మన రూట్లో ఎక్కువగా ఎక్కేది విద్యార్థులు, పిల్లల్ని చూడబోయే తల్లిదండ్రులు, ఐటీ ఉద్యోగులు. వీళ్లంతా ధర చూసి ఎక్కేవాళ్లే.

గల్ఫ్ సంస్థల లెక్క వేరు. హైదరాబాద్, కొచ్చి, ఢాకా, కరాచీ.. ఇలా పదుల నగరాల ప్రయాణికుల్ని ఒకచోట చేర్చి, అక్కడి నుంచి పెద్ద విమానాల్లో న్యూయార్క్, డాలస్, షికాగో పంపుతారు. ఏ ఒక్క ఊరి ప్రయాణికుల మీదా ఆధారపడరు. అయితే వాళ్లు కూడా ఇష్టమొచ్చినన్ని సర్వీసులు నడపలేరు. ఏ దేశ సంస్థ వారానికి ఎన్ని సీట్లు నడపాలో ప్రభుత్వాల మధ్య ద్వైపాక్షిక ఒప్పందాలు నిర్ణయిస్తాయి. దుబాయ్‌తో ఉన్న ఒప్పందంలో అది ఒక్కో వైపు సుమారు 66 వేల సీట్లు. ఆగస్టు సెమిస్టర్ ముందు సీట్లకు గిరాకీ పెరిగి ధరలు ఎక్కడానికి ఇదీ ఒక కారణం.

ఆకాశంలోనూ దారులు మూసుకుంటాయి

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం అమెరికా, యూరప్ సంస్థలకు మూతపడింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేసింది. దాంతో దిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు చుట్టు తిరిగి, కొన్నిసార్లు వియన్నా లాంటి చోట ఇంధనం నింపుకొని వెళ్లాల్సి వచ్చింది. దిల్లీ-వాషింగ్టన్ సర్వీసునైతే సెప్టెంబరు 1 నుంచి నిలిపేశారు. విమానాల ఆధునికీకరణ వల్ల వచ్చిన కొరత, ఈ గగనతల సమస్య కారణాలని సంస్థ చెప్పింది.

మరి గల్ఫ్ దారి భద్రమా? 2025 జూన్ 23న ఇరాన్ అల్ ఉదైద్ స్థావరం మీద క్షిపణులు వేసినప్పుడు ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. దోహా మీదుగా వెళ్లాల్సిన వేలమంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

దేశం లోపల విమానాలకూ భరోసా లేదు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు పెద్దఎత్తున రద్దయ్యాయి. పైలట్ల విశ్రాంతి వేళలపై వచ్చిన కొత్త నిబంధనలకు సరిపడా సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడం అందుకు ప్రధాన కారణం. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఎగరలేదు. దిల్లీ దాకా ఒక సంస్థలో, అక్కడి నుంచి అమెరికాకు ఇంకో సంస్థలో విడివిడిగా టికెట్లు కొన్నవాళ్ల పరిస్థితి ఊహించండి.

వీటిని బట్టి 'ఫలానా సంస్థ అయితే ఏ చింతా లేదు' అనే మాటకు అర్థం లేదని తేలుతోంది. సంస్థ పేరు కన్నా టికెట్ ఎలా కట్టించుకున్నారన్నది ముఖ్యం.

ఒకే టికెట్.. ఒకే పీఎన్ఆర్

చేవెళ్ల అమ్మాయి ఒకరు హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లాలనుకుందాం. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద తీసుకుంటే ఒక ధర. రెండు ముక్కలుగా విడివిడిగా కొంటే 8 వేలు తక్కువ. ఆమె రెండోది కొన్నది. మొదటి విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది. రెండోది ఎగిరిపోయింది. ఇప్పుడు మొదటి సంస్థ 'మిమ్మల్ని దిల్లీ చేర్చాం, మా పని అయిపోయింది' అంటుంది. రెండో సంస్థ 'మీరే సమయానికి రాలేదు' అంటుంది. ఇద్దరి మాటా నిబంధనల ప్రకారం సరైనదే. నష్టం మాత్రం ఆమెది. అప్పటికప్పుడు కొనే టికెట్ ధర ముందు ఆ 8 వేలు ఏ మూలకూ రావు.

అదే ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థదే. లగేజీ కూడా మీరు మధ్యలో తీసుకోనక్కర్లేదు. ఇంకో చిక్కు ఉంది. విడి టికెట్ల మీద విదేశంలో మారితే లగేజీ కోసం బయటికి రావాలి. బయటికి రావాలంటే ఆ దేశం వీసా కావాలి. ఒకే టికెట్ మీద ఉన్నా కొన్ని దేశాల్లో మన పాస్‌పోర్టుకు ట్రాన్సిట్ వీసా నిబంధనలుంటాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లకు చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది కానీ, డబ్బు కట్టేముందు ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

మజిలీలో ఎంతసేపు?

గంటంపావు వ్యవధి ఉన్న టికెట్ చూడగానే 'తొందరగా చేరిపోతాం' అనిపిస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అది ప్రమాదం. పెద్ద విమానాశ్రయంలో టెర్మినల్ మారి, మళ్లీ భద్రతా తనిఖీ దాటాలి. మధ్య మజిలీలో కనీసం రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూసుకోండి.

అమెరికాలో మొదట దిగే చోట ఇంకా ఎక్కువ కావాలి. మీ గమ్యం కాన్సస్ అయినా, మొదట షికాగోలో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. బ్యాగులు తీసుకొని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలైనా పెట్టుకోండి. నాలుగైతే ఇంకా మంచిది.

అబుదాబీ సంగతి వేరు. 2014 నుంచి అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ కేంద్రం ఉంది. ఎతిహాద్‌లో వెళ్లేవాళ్లు అక్కడే ఆ పని ముగించుకొని విమానం ఎక్కుతారు. అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగిపోతారు. సౌకర్యమే. అయితే అబుదాబీలో ఆగే సమయం తక్కువుంటే ఆ క్యూ అక్కడే మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది.

శంషాబాద్ చెకిన్ కౌంటర్లోనే ఐ-20, ఫీజు రసీదులు అడిగితే కంగారు పడకండి. అమెరికా వెనక్కి పంపిన ప్రయాణికుణ్ని తిరిగి తీసుకురావాల్సింది విమాన సంస్థే. 2015 డిసెంబరులో హైదరాబాద్‌లో 19 మంది విద్యార్థుల్ని ఎయిరిండియా విమానం ఎక్కనివ్వకపోవడం వెనక ఉన్నది ఆ భయమే. వాళ్లు చేరబోయే యూనివర్సిటీలకు అంతకుముందు వెళ్లిన విద్యార్థుల్ని అమెరికా అధికారులు తిప్పి పంపారు. కాగితాలన్నీ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో కాదు.

తేదీ మార్చుకునే వీలుందా?

ఎఫ్-1 వీసా ఉన్నవాళ్లు కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కన్నా ముందు అమెరికాలో అడుగుపెట్టకూడదు. ఆలస్యమైతే యూనివర్సిటీ చేర్చుకోకపోవచ్చు. అంటే మీ ప్రయాణానికి ఉన్న కిటికీ చిన్నది. 2025 మే 27 నుంచి జూన్ 18 దాకా అమెరికా కాన్సులేట్లు కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేశాయి. ముందే అతి తక్కువ ధర టికెట్ కొనుక్కున్నవాళ్లకు ఆ రోజులెలా గడిచాయో సీనియర్లను అడగండి.

అతి తక్కువ ధరకు వచ్చే టికెట్లలో చాలావాటికి తేదీ మార్పు ఉండదు, రద్దు చేసుకుంటే పైసా రాదు. వీసా స్టాంపు పడకముందు అలాంటిది కొనొద్దు. ఎయిరిండియా, ఎమిరేట్స్, ఖతార్ లాంటి సంస్థలు విద్యార్థులకు ప్రత్యేక రాయితీలిస్తాయి. వాటిలో అదనపు లగేజీ, తేదీ మార్పు సదుపాయం కలిసొచ్చే అవకాశముంది. షరతులు మారుతుంటాయి కాబట్టి సంస్థ సొంత సైట్‌లో చదవండి.

లగేజీ, సీటు

అమెరికా రూట్లో సాధారణంగా ఒక్కొక్కటి 23 కిలోల చొప్పున రెండు బ్యాగులు. కానీ చవక రకం టికెట్‌లో ఒక్కటే ఉండొచ్చు. రెండో బ్యాగుకు విడిగా కట్టే డబ్బు కలిపితే 'చవక' టికెట్టే ఖరీదైనది కావచ్చు. రెండు మూడు సంస్థలు కలిసి నడిపే టికెట్ అయితే, ప్రయాణమంతటికీ ఒకే లగేజీ నిబంధన వర్తించాలని అమెరికా రవాణా శాఖ నియమం చెబుతోంది. కౌంటర్లో వేరేగా చెబితే మర్యాదగా అది గుర్తుచేయండి.

బ్యాగు రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు దెబ్బతింటే 7 రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువు దాటితే హక్కు పోతుంది.

ఇక సీటు. ఎమిరేట్స్ బోయింగ్ 777లో ఎకానమీ వరసకు పది సీట్లు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350లలో సాధారణంగా తొమ్మిది. ఈ రెండు కొత్త రకాల్లో క్యాబిన్ గాలి ఒత్తిడిని 6 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు. పాతవాటిలో అది 8 వేల అడుగుల దాకా ఉంటుంది. దిగాక అలసటలో తేడా తెలుస్తుంది. ఏ విమానమైనా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

2025 జూన్ 12న అహ్మదాబాద్ ప్రమాదంలో 260 మంది చనిపోయాక ఇంట్లోవాళ్లు భద్రత గురించి అడగడం సహజం. అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ భద్రతా తనిఖీ పూర్తిచేసిన సంస్థల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది. అమ్మానాన్నలకు అది చూపించండి. వాట్సాప్ వీడియోల కన్నా అది నమ్మదగ్గది.

డబ్బు కట్టేముందు అయిదు ప్రశ్నలు

ఒకటి, ప్రయాణమంతా ఒకే పీఎన్ఆర్ మీద ఉందా? రెండు, ప్రతి మజిలీలో సరిపడా సమయం ఉందా? మూడు, తేదీ మారిస్తే ఎంత కట్టాలి? నాలుగు, రెండు బ్యాగులూ ధరలో కలిసే ఉన్నాయా? అయిదు, మధ్య దేశం వీసా కావాలా? ఈ అయిదింటికీ జవాబు వచ్చాకే ధరలు పోల్చండి. అప్పుడు ఏది తక్కువైతే అది కొనండి, తప్పులేదు. ఏజెంటు దగ్గర కొంటే 13 అంకెల ఈ-టికెట్ నంబరు అడిగి తీసుకోండి. పీఎన్ఆర్‌ను సంస్థ సైట్‌లో మీరే సరిచూసుకోండి. పీఎన్ఆర్ వచ్చినంత మాత్రాన టికెట్ జారీ అయినట్టు కాదు.

ఇదే లెక్క ఉద్యోగ వేటలోనూ పనికొస్తుంది. 'హైదరాబాద్ నుంచి అమెరికాకు నాన్‌స్టాప్ ఎందుకు లేదు?' అని గ్రూప్ డిస్కషన్‌లో అడిగితే ఇంధనం, ప్రయాణికుల తీరు, ఒప్పందాలు, గగనతలం అని వరసగా చెప్పగలరు. ఆఫర్ లెటర్ చూసేటప్పుడూ జీతం అంకె దగ్గరే ఆగకుండా బాండు, నోటీసు గడువు, తేడా వస్తే బాధ్యత ఎవరిదో చదువుతారు.

చివరగా, మీ మొదటి మజిలీ దుబాయో దోహానో కాదు, చేవెళ్ల రోడ్డు. మర్రిచెట్ల మధ్య ఇరుకుదారి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర జరిగిన బస్సు ప్రమాదాన్ని ఇక్కడివాళ్లెవరూ మరచిపోలేదు. మన దగ్గర్నుంచి చాలా అంతర్జాతీయ విమానాలు అర్ధరాత్రి దాటాకే బయల్దేరుతాయి. చీకట్లో ఆఖరి నిమిషంలో కారు పరుగెత్తించొద్దు. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు కదా.. అందరూ క్షేమంగా వెళ్లి, క్షేమంగా తిరిగొచ్చేలా ఓ గంట ముందే బయల్దేరండి.