అన్నయ్య పుస్తకంతోనే పోటీ!

2024 క్రిస్మస్ సెలవులకు ముందు డాలస్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. ‘ఒరేయ్, పేపర్లో వ్యాపారాల గురించి తెగ రాస్తుంటావుగా, దీనికి జవాబు చెప్పు. పెద్దాడు హైస్కూల్లో ఉండగా ఓ ఆట పుస్తకం కొన్నాడు. అట్ట నలగలేదు, పేజీ చిరగలేదు. ఇప్పుడు అదే ఆటకి కొత్త పుస్తకం వచ్చిందని చిన్నాడు యాభై డాలర్లు ఇమ్మంటున్నాడు. ఆట అదే అయినప్పుడు మళ్లీ పుస్తకం ఎందుకురా?’

అక్క అడిగింది చిన్న ప్రశ్నే. కానీ అమెరికాలో పేరుమోసిన బొమ్మల కంపెనీ హాస్‌బ్రో తల పట్టుకునేదీ సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే!

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర... ఒకరు వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఇంకొకరు దొంగ. ‘ఎదురుగా రాక్షసుడున్నాడు, ఏం చేస్తావ్?’ అని కథ నడిపేవాడు అడుగుతాడు. చెప్పిన పని నెగ్గుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నియమాలన్నీ పుస్తకంలో ఉంటాయి. అంటే ఇక్కడ సరుకు పుస్తకమే!

ఆరుగురికి ఒకటే

చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ పుస్తకం అరిగేది కాదు, తరిగేది కాదు. పైగా ఆరుగురు ఆడితే ఒక్కరు కొంటే చాలు. కథ నడిపేవాళ్లు మొత్తం ఆటగాళ్లలో 20 శాతమేననీ, డబ్బు ఖర్చుపెట్టేది మాత్రం ఎక్కువగా వాళ్లేననీ 2022 డిసెంబరులో కంపెనీ పెద్దలే మదుపరులకు చెప్పారు.

మరి వ్యాపారం సాగేదెలా? కొన్నేళ్లకోసారి నియమాలు సవరించి కొత్త ఎడిషన్ వేయాలి. కోఠీలో పాత ఇంజినీరింగ్ పుస్తకాలు బేరమాడినవాళ్లకు ఈ తంతు కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ సిలబస్ మారిందని లెక్చరరు చెబితే నోరు మూసుకుని కొనాల్సిందే. ఇక్కడ అలా చెప్పే లెక్చరరు లేడు. పాత పుస్తకంతో హాయిగా పదేళ్లు ఆడుకోవచ్చు. కాబట్టి కొత్త ఎడిషన్‌కు అసలు పోటీ పక్క కంపెనీ కాదు... అలమరాలో ఉన్న అన్నయ్య పుస్తకం!

2008లో తిన్న దెబ్బ

ఈ సంగతి మరిచిపోతే ఏమవుతుందో కంపెనీకి ఒకసారి తెలిసొచ్చింది. ఆటను నడిపే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ (1999లో దీన్ని హాస్‌బ్రో కొంది) 2000లో మూడో ఎడిషన్ తెచ్చింది. దాంతోపాటే ఓ మంచి పనీ చేసింది. మూల నియమాలను ఎవరైనా వాడుకోవచ్చు, వాటితో సొంత పుస్తకాలు వేసి అమ్ముకోవచ్చు అని లైసెన్సు ఇచ్చింది. చిన్న చిన్న ప్రచురణకర్తలు పుట్టుకొచ్చారు. వాళ్ల కథలు ఆడాలంటే మూల పుస్తకం కావాలి కదా! అలా అందరికీ గిరాకీ.

2008లో నాలుగో ఎడిషన్ వచ్చింది. నియమాలు ఎంతగా మారాయంటే, అప్పటిదాకా కొన్న పుస్తకాలు కొత్త ఆటలో దాదాపు పనికిరాకుండా పోయాయి. లైసెన్సూ బిగించారు. ఆటగాళ్లలో చాలామంది మొహం చిట్లించారు. అంతవరకూ ఈ ఆట పత్రికలు నడిపిన పైజో అనే సంస్థ, పాత లైసెన్సు ఉంది కదా అని పాత నియమాలకే మెరుగులు దిద్ది 2009లో ‘పాత్‌ఫైండర్’ పేరుతో వదిలింది. 2011లో అమెరికా దుకాణాల అమ్మకాల అంచనాల్లో అసలు ఆటనే దాటేసింది. కంపెనీని ఓడించింది దాని పాత సరుకే!

ఆ తర్వాత బుద్ధిగా, 2012 నుంచి నియమాల ముసాయిదాలు జనానికే ఇచ్చి ఆడించి, అభిప్రాయాలడిగి 2014లో అయిదో ఎడిషన్ తెచ్చారు. ప్రాథమిక నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితం. అలిగి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్ పుణ్యమా అని కొత్తవాళ్లూ చేరారు.

నమ్మకం ఖరీదెంత?

ఆరుగురిలో ఒక్కరే కొంటున్నారన్న బాధ మాత్రం తీరలేదు. అందుకే 2022లో డి అండ్ డి బియాండ్ అనే వెబ్‌సైట్‌ను హాస్‌బ్రో 14.6 కోట్ల డాలర్లకు పైగా పోసి కొంది. పుస్తకం ఒకసారే అమ్ముతాం, చందా అయితే నెలనెలా వస్తుందని లెక్క.

2023 జనవరిలో మళ్లీ తప్పటడుగు. పాత లైసెన్సును రద్దుచేసి, ఏటా 7.5 లక్షల డాలర్లు దాటి అమ్మేవాళ్ల దగ్గర వాటా తీసుకోవాలన్న ముసాయిదా బయటికి పొక్కింది. ఆటగాళ్లు ధర్నాలు చేయలేదు. వెబ్‌సైట్‌లోకి వెళ్లి చందాలు రద్దు చేసుకున్నారు. ఎనిమిది నెలలకు సరిపడా పాత్‌ఫైండర్ పుస్తకాలు రెండు వారాల్లో అయిపోయాయని పైజో ప్రకటించింది. నెల తిరక్కుండానే కంపెనీ దిగొచ్చి, మూల నియమాలను ఇక ఎప్పటికీ వెనక్కి తీసుకోలేని విధంగా అందరికీ వదిలేసింది.

ఇక ముందేంటి?

ఈ నేపథ్యంలో 2024 సెప్టెంబరులో కొత్త పుస్తకం వచ్చింది. 384 పేజీలు, 50 డాలర్లు. దీన్ని ఆరో ఎడిషన్ అనడానికి కంపెనీ ఒప్పుకోలేదు. 2014 నాటి కథలు దీనితోనూ ఆడుకోవచ్చంది. తమ చరిత్రలో ఇంత వేగంగా అమ్ముడైన పుస్తకం లేదనీ ప్రకటించింది.

సంతోషమే. కానీ మొదటి నెల కొనేవాళ్లు వీరాభిమానులు. కొత్త సినిమాకి మొదటి ఆట చూసేవాళ్లలాంటివాళ్లు. వాళ్లను చూసి వంద రోజులు ఆడుతుందని చెప్పలేం కదా! అసలు పరీక్ష రెండో ఏడాది నుంచే. పాతదానితో పొత్తు కుదురుతుందంటే 2008లోలా జనం అలగరు, నిజమే. అయితే అదే మాట పట్టుకుని ‘పాతదే చాలు’ అనేవాళ్లూ ఉంటారు. 2025లో ‘డాగర్‌హార్ట్’ లాంటి కొత్త ఆటలూ బరిలోకి దిగాయి. ఈ వ్యాసకర్త అంచనా ఒక్కటే... కొత్త ఎడిషన్ నెమ్మదిగా, నిలకడగా అమ్ముడవుతుంది. అదీ కొత్తగా ఆట నేర్చుకునే పిల్లల వల్ల. పాతవాళ్ల చేత బలవంతంగా మాన్పించాలని చూస్తే మాత్రం చరిత్ర మళ్లీ మొదటికొస్తుంది.

అక్కకి ఇదంతా చెప్పలేదు. ‘ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి, ముందు వాటితో ఆడమను. ఆట నచ్చి నాలుగు వారాలు నిలబడితే అప్పుడు చూద్దాం’ అన్నాను.

సంక్రాంతికి మళ్లీ ఫోనొచ్చింది. చిన్నాడూ స్నేహితులూ కలిసి అయిదుగురు తలా పది డాలర్లేసుకుని ఒక్క పుస్తకం కొన్నారట. పన్ను అక్క కట్టిందట. సెలవులకొచ్చిన పెద్దాడు తన పాత పుస్తకం పట్టుకుని అదే బల్ల దగ్గర కూర్చున్నాడట. ఆట అర్ధరాత్రి దాకా ఆగలేదట!